వ్యాన్‌లో మంచం, స్టవ్, సోలార్ పెట్టించాం: ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలా, వద్దా?

ఘాట్‌రోడ్

అందరికీ నమస్కారం. మాది మారుతి ఈకో, 7 సీట్లది, తెల్ల నంబర్ ప్లేటు, నాలుగేళ్లు దాటింది. ముందు రెండు సీట్లు ఉంచి వెనకవన్నీ తీయించాం. ప్లైవుడ్ మంచం, దాని కింద సామాన్ల అరలు, 100 ఏహెచ్ లిథియం బ్యాటరీ, చిన్న ఇన్వర్టర్, క్యారియర్ మీద సోలార్ ప్యానెల్, వెనక డోర్ దగ్గర 5 కిలోల సిలిండర్‌తో సింగిల్ బర్నర్ స్టవ్. ఖర్చు లక్షా ఎనభై వేల దాకా అయింది. బయట బాడీకి ఎక్కడా కోత పెట్టలేదు. నేనూ మా ఆవిడా సెలవు దొరికితే అరకు, మారేడుమిల్లి వైపు వెళ్లి బండిలోనే పడుకుంటున్నాం.

వచ్చే నెల ఇన్సూరెన్స్ రెన్యువల్. ఏజెంటేమో "ఇవన్నీ చెప్పకండి సార్, మామూలు కారు లాగే ఆన్‌లైన్‌లో చేసేద్దాం, చెబితే లేనిపోని తలనొప్పి" అంటున్నాడు. మా బావమరిదేమో చెప్పకపోతే రేపు క్లెయిమ్ దగ్గర చేతులెత్తేస్తారంటున్నాడు. ఇద్దరి మధ్య నాకు టెన్షన్ పట్టుకుంది. ఇలాంటి బండి ఉన్నవాళ్లు ఏం చేశారో చెప్పండి.

ఈకో_ఓనర్

అన్నా, మీ ఏజెంట్ మాటే కరెక్ట్. నాదీ ఇలాంటి బండే. బాడీ కొయ్యలేదు, ఇంజిన్ మార్చలేదు, రంగు మార్చలేదు. మంచం అంటే నాలుగు బోల్టులతో బిగించిన సామాను, అంతే. సీట్లు ఇంట్లో ఉన్నాయి, కావాలంటే గంటలో మళ్లీ ఎక్కించొచ్చు. దీన్ని "మార్పు" అని మనంతట మనం రాసిస్తే, ముందు ఆర్టీవో దగ్గర అనుమతి తెచ్చుకోమంటారు. ఆర్టీవో ఇవ్వడు. అప్పుడు పాలసీ కూడా ఉండదు. ఉన్నదాన్ని మనమే ఎందుకు పోగొట్టుకోవాలి?

పాత సర్వేయర్

మోటార్ క్లెయిముల సర్వేయర్‌గా (బండికి జరిగిన నష్టం చూసి లెక్కగట్టేవాడిగా) ఉద్యోగమంతా కోస్తా జిల్లాల్లోనే గడిచింది. ఈ విషయంలో చాలామంది రెండు వేరు సంగతులు కలిపేస్తారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

మీ పాలసీలో రెండు భాగాలుంటాయి. ఒకటి థర్డ్ పార్టీ. మీ బండి వల్ల ఎదుటివాడికి దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా పరిహారం ఇచ్చేది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 146 కింద ఇది తప్పనిసరి. రెండోది ఓన్ డ్యామేజ్, అంటే మీ బండికి జరిగే నష్టం. సీట్లు తీశారని చెప్పి థర్డ్ పార్టీ బాధితుడికి డబ్బు ఎగ్గొట్టడం కంపెనీకి అంత తేలిక కాదు. కంపెనీ ఏయే కారణాలతో తప్పించుకోవచ్చో సెక్షన్ 150లో లెక్కగట్టి ఉన్నాయి. పాలసీ షరతు ఉల్లంఘించారని నిరూపించే భారం కంపెనీదేనని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చాలా కేసుల్లో ముందు బాధితుడికి కట్టి, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని తీర్పులు వస్తాయి. కానీ సెక్షన్ 150 జాబితాలోనే ఇంకో కారణం ఉంది: ముఖ్యమైన విషయం దాచిపెట్టి పాలసీ తీసుకోవడం. ఏజెంట్ మిమ్మల్ని చేయమంటున్నది సరిగ్గా అదే. బాధితుడికి డబ్బు అందినా, ఆ తర్వాత కంపెనీ మీ మీద పడితే మీ ఇల్లూ పొలం మీదికి వస్తుంది.

ఇక ఓన్ డ్యామేజ్. మోటార్‌లో 50,000 దాటిన నష్టానికి లైసెన్సున్న సర్వేయర్ రావాల్సిందే. వచ్చినవాడు మొదట చూసేది డెంట్ కాదు. ఆర్సీ తీసి బాడీ టైపు, సీట్ల సంఖ్య, ఖాళీ బండి బరువు చూస్తాడు. ఛాసిస్ నంబర్ ఫోటో తీస్తాడు. ఆర్సీలో ఏడు సీట్లుండి బండిలో మంచం ఉంటే, రిపోర్టులో మొదటి పేరా అదే అవుతుంది. దాచడానికి అక్కడ చోటే లేదు.

నేను చూసిన ఒక బండి చెబుతాను. హైవే పక్క దాబా దగ్గర రాత్రి ఆపి పడుకున్నారు, ఇన్వర్టర్ దగ్గర పొగ వచ్చింది. మనుషులు బయటపడ్డారు, బండి వెనక భాగం పోయింది. బ్యాటరీ ప్లస్ టెర్మినల్ నుంచి ఇన్వర్టర్‌కు వెళ్లే కేబుల్‌కి ఫ్యూజే లేదు. మధ్యలో జాయింటుకి ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంది. ఆ కేబుల్ మంచం ఫ్రేము అంచు మీద నుంచి వెళ్లి, బండి కుదుపులకి ఒరుసుకుని రాగి బయటపడింది. ఆ వైరింగ్ గురించి కంపెనీకి ఎప్పుడూ చెప్పలేదు. క్లెయిమ్ తిరస్కరించారు. నేను రిపోర్టులో చూసింది చూసినట్టే రాశాను. ఆ కుటుంబం బాధ నాకు ఇప్పటికీ గుర్తుంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఈకో_ఓనర్

సార్, మీ అనుభవానికి గౌరవం. కానీ షరతు ఉల్లంఘించినంత మాత్రాన మొత్తం ఎగ్గొట్టకూడదని సుప్రీంకోర్టే చెప్పింది కదా. 2010లో అమలేందు సాహూ కేసు చూడండి. ప్రైవేటు కారు అద్దెకు తిప్పారని కంపెనీ క్లెయిమ్ కొట్టేస్తే, "నాన్-స్టాండర్డ్" పద్ధతిలో పరిష్కరించాలని కోర్టు తేల్చింది. ఆ పద్ధతిలో 75 శాతం దాకా ఇస్తారు. అంతకు ముందు 2008లో నితిన్ ఖండేల్వాల్ కేసులోనూ దొంగతనానికి గురైన బండికి 75 శాతం ఇప్పించారు. అంటే చెప్పకపోయినా ముప్పావు వంతు వస్తుంది. చెబితే పాలసీయే రాదు. ఏది నయం?

పాత సర్వేయర్

మంచి ప్రశ్న, నిజంగా చదివి అడిగారు. కానీ ఆ తీర్పుల్లో ఒక మెలిక ఉంది. ఖండేల్వాల్ కేసులో బండి దొంగతనానికి పోయింది. బండిని ఎలా వాడారన్నదానికీ దొంగ ఎత్తుకెళ్లడానికీ సంబంధం లేదు, అందుకే ఉల్లంఘన అక్కడ పెద్ద విషయం కాలేదు. మన ఘాట్‌రోడ్ గారి ఈకోను పార్కింగులోంచి ఎత్తుకెళ్లారనుకోండి, మీ వాదన బలంగానే నిలబడుతుంది. వెనక నుంచి లారీ గుద్దినా కొంత నిలబడుతుంది. కానీ మంట లేచింది మీరు దాచిన వైరింగ్ వల్లే అయితే? పేలింది మీరు చెప్పని సిలిండరే అయితే? అక్కడ మార్పే నష్టానికి కారణం. ఆ 75 శాతం మీద అప్పుడు ఆశ పెట్టుకోకండి. పైగా అది "75 శాతం దాకా". అదీ వినియోగదారుల ఫోరం నుంచి ఢిల్లీ దాకా ఏళ్ల తరబడి తిరిగినవాళ్లకి దక్కింది.

క్యాంపింగ్ బండికి అసలు రిస్కు ఎక్కడుందో ఆలోచించండి. అది రాత్రంతా కదలకుండా ఉంటుంది, లోపల మనుషులు నిద్రపోతుంటారు, పక్కనే బ్యాటరీ, గ్యాసు. మామూలు కారుకు లేని ప్రమాదం మీ బండికి ఉన్నది సరిగ్గా ఆ మూడింటి దగ్గరే. మీరు చెప్పకుండా వదిలేసేదీ ఆ మూడింటినే.

ఆటోనగర్ బాడీవర్క్స్

బెజవాడ ఆటోనగర్‌లో బాడీలు కడతాం. ఈమధ్య క్యాంపర్ పనులూ వస్తున్నాయి. ఈకో ఓనర్ తమ్ముడు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది, అది కూడా చెప్పాలి.

సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి, ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో కె. జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా బిగించింది. అదే ఏడాది సవరణలో సెక్షన్ 182ఏ వచ్చింది. దాని కింద అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. 2021 ఆగస్టులో కేరళ కన్నూరులో వ్లాగర్ అన్నదమ్ముల టెంపో ట్రావెలర్‌ని రవాణా శాఖ పట్టుకున్న గొడవ అందరూ చూశారు. అక్కడా మార్పులు, పన్నుల విషయమే.

రిజిస్ట్రేషన్‌లో "మోటార్ క్యారవాన్" అని వేరే తరగతి ఉంది, దానికి ఏఐఎస్-124 అనే ప్రమాణం కూడా ఉంది. కానీ అది టైప్ అప్రూవల్ (మోడల్‌కి టెస్టులు చేయించి తెచ్చుకునే ఆమోదం) తీసుకుని బళ్లు తయారు చేసేవాళ్ల కోసం. ఒక్క ఈకో ఉన్న మనిషి దానికి టెస్టులు చేయించి సర్టిఫికెట్ తెచ్చుకోవడం డబ్బు పరంగా కుదిరే పని కాదు. ఇక్కడ చట్టం మామూలు మనిషికి దారి చూపించడం లేదని నా అభిప్రాయం. కేరళ 2021లోనే క్యారవాన్ టూరిజం అంటూ పాలసీ తెచ్చింది. కానీ సొంత బండిలో పడుకునే మధ్యతరగతి వాడికి ఏ రాష్ట్రంలోనైనా ఒక్క పేజీ ఫారం ఉందా?

అందుకే మా దగ్గరికి వచ్చినవాళ్లకి నేను చెప్పేది ఒకటే: బాడీకి రంధ్రం పెట్టొద్దు, వెల్డింగ్ వద్దు. మంచం సీటు బోల్టుల చోటే బిగేలా చేయించుకోండి, తీసి పెట్టేలా ఉండాలి.

బర్మింగ్‌హామ్_తెలుగు

ఇక్కడ బ్రిటన్‌లో పద్ధతి వేరు, పోల్చి చూస్తారని రాస్తున్నా. వ్యాన్ కొని క్యాంపర్‌గా మార్చుకోవడం ఇక్కడ చాలా మామూలు. రిజిస్ట్రేషన్ కాగితంలో బాడీ టైపు "మోటార్ క్యారవాన్" అని మార్చమని డీవీఎల్ఏకి (ఇక్కడి బళ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసు) దరఖాస్తు పెడతాం. బయటి నుంచి చూస్తే క్యాంపర్‌లా కనబడకపోతే ఈమధ్య వాళ్లు ఒప్పుకోవడం లేదు. అయినా చాలా కంపెనీలు పాలసీ ఇస్తాయి. మంచం, టేబుల్, స్టవ్, అరల ఫోటోలు అడుగుతాయి, మార్పులు జరుగుతున్న కాలానికి గడువు కూడా ఇస్తాయి.

అజాగ్రత్తగా ఏదైనా చెప్పకపోతే 2012 చట్టం ప్రకారం దామాషా లెక్క ఉంది. కట్టాల్సిన ప్రీమియంలో ఎంత భాగం కట్టామో క్లెయిమ్‌లో అంత భాగమే ఇవ్వొచ్చు. కానీ తెలిసీ దాస్తే మొత్తం పాలసీనే రద్దు చేయొచ్చు. ఇక్కడ కూడా కష్టపడేది సొంత అడ్రస్ లేకుండా వ్యాన్‌లోనే కాపురం ఉండేవాళ్లు. వాళ్లకి పాలసీ ఇచ్చేవాళ్లు బాగా తక్కువ.

తిరుగుడు_జంట

మధ్యలో ఒక చిన్న డౌట్. ఇలాంటి బండినే వారాంతాల్లో ఫ్రెండ్స్‌కి రోజుకింత అని ఇస్తే ఖర్చు తిరిగొస్తుందని మా ఆయన అంటున్నారు. పాలసీకి ఏమైనా ఇబ్బందా?

పాత సర్వేయర్

అమ్మా, ఆ పని మాత్రం చేయొద్దు. తెల్ల ప్లేటు బండికి ప్రైవేటు పాలసీ ఉంటుంది, డబ్బు తీసుకుని ఇస్తే అది అద్దె వాడకం. సెక్షన్ 150లో కంపెనీకి మొదటే దొరికే కారణం అది. ఫోన్‌లో డబ్బు పంపిన రికార్డు ఒక్కటి చాలు.

ఘాట్‌రోడ్

అందరికీ థాంక్స్. ఇప్పుడు నా ప్రశ్న మారింది. చెబుదామనే అనుకుంటున్నా. కానీ ఎవరికి, ఎలా చెప్పాలి? ఆన్‌లైన్ ఫారంలో "మంచం" అని రాయడానికి చోటే లేదు.

పాత సర్వేయర్

ఏజెంట్‌కి నోటితో చెప్పింది చెప్పినట్టు కాదు. మీ పాలసీ ఇచ్చిన బ్రాంచికి ఈమెయిల్ పెట్టండి. బండి నంబర్, పాలసీ నంబర్, ఏమేం బిగించారు, ఎంత ఖర్చయింది, లోపలి ఫోటోలు, బిల్లులు. బాడీ కొయ్యలేదని, తీసిపెట్టొచ్చని ఒక వాక్యం. రెన్యువల్‌కి ముందు బండి ఇన్‌స్పెక్షన్ చేయమని మీరే అడగండి. ఆ ఫోటోలు కంపెనీ ఫైలులో ఉంటే రేపు "మాకు తెలియదు" అనలేరు.

ఫారంలో మంచానికి చోటు లేకపోయినా ఎలక్ట్రికల్ యాక్సెసరీలు, నాన్-ఎలక్ట్రికల్ యాక్సెసరీలు అని రెండు గడులు ఉంటాయి. బ్యాటరీ, ఇన్వర్టర్, సోలార్ విలువ మొదటి గడిలో, మంచం, అరలు రెండో గడిలో. పాత మోటార్ టారిఫ్‌లో ఐఎంటీ 24 అనే ఎండార్స్‌మెంట్ (పాలసీకి జోడించే అదనపు షరతు) ప్రకారం ఎలక్ట్రికల్ వస్తువుల విలువ మీద 4 శాతం ప్రీమియం. అంటే 70,000 విలువకి 2,800. ఇది రాయకపోతే ఆ లక్షా ఎనభై వేలు అసలు పాలసీలో లేనట్టే. నాలుగేళ్లు దాటిన బండికి ఐడీవీ (పాలసీలో రాసే బండి విలువ) లెక్కలో షోరూం ధర మీద 50 శాతం తరుగు తీసేస్తారు, అందులో మీ మంచం లేదు, సోలార్ లేదు. ఒక సంగతి ముందే తెలుసుకోండి: రాసినా కూడా, విడి భాగాల క్లెయిమ్‌లో బ్యాటరీకి సగం తరుగు కోస్తారు.

సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్ అనే గడి కనబడుతుంది. వంట సిలిండర్‌ని అక్కడ పెట్టకండి, అది ఇంజిన్‌కి ఇంధనం సంగతి. స్టవ్, సిలిండర్ గురించి ఈమెయిల్‌లోనే విడిగా రాయండి. నన్నడిగితే బండి నడిచేటప్పుడు సిలిండర్ రెగ్యులేటర్ తీసి ఉంచండి, వంట బండి బయటే చేసుకోండి.

కంపెనీ కుదరదంటే అదే విషయం రాతపూర్వకంగా ఇమ్మనండి. ఆ తర్వాత ఇంకో కంపెనీ దగ్గరికి వెళ్లండి, అక్కడా ఇదే ఫైలు పెట్టండి. క్లెయిమ్ దగ్గర అన్యాయం జరిగితే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగం, తర్వాత ఐఆర్‌డీఏఐ (బీమా కంపెనీల నియంత్రణ సంస్థ) వారి బీమా భరోసా పోర్టల్, ఆపైన హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా వివాదాలు తేల్చే అధికారి). మన రెండు రాష్ట్రాలకీ ఆ ఆఫీసే. 50 లక్షల దాకా వివాదాలు అక్కడ ఉచితంగా వింటారు, లాయరు అక్కర్లేదు. కానీ మీరు ముందే చెప్పిన ఈమెయిల్ ఉంటేనే అక్కడ మీ మాటకి బలం.

ఈకో_ఓనర్

సార్, అన్నీ ఒప్పుకున్నా ఒక్కటి మాత్రం మింగుడుపడటం లేదు. ఆర్సీలో ఏడు సీట్లు, బండిలో రెండే. ఈమెయిల్ పెట్టామంటే సెక్షన్ 52 ఉల్లంఘించామని మన చేత్తో మనమే రాసిచ్చినట్టు కాదా? అదే పట్టుకుని కంపెనీ రేపు కాదంటే?

ఆటోనగర్ బాడీవర్క్స్

తమ్ముడూ, సగం నిజం ఉందన్నది ఇందుకే. అందుకే సీట్ల పని ముందు చూసుకోవాలి. సీట్ల సంఖ్య తగ్గించమని ఆర్టీవోకి దరఖాస్తు పెట్టొచ్చు, కానీ ఒక్కో ఆఫీసులో ఒక్కోలా చూస్తారు, ఇస్తారని నేను హామీ ఇవ్వలేను. ఇవ్వకపోతే రెండో దారి, మధ్య వరస సీటు మళ్లీ ఎక్కించడం. మంచాన్ని రెండు ముక్కలుగా కోసి, ఆ సీటు వీపు మడిచినప్పుడు దాని మీద పరుచుకునేలా చేస్తాం. పొడవు కొంచెం తగ్గుతుంది, కాళ్లు ముందు సీటు వెనక్కి వస్తాయి. వెనక వరస ఒక్కటే తీసి ఉంటుంది, అది ఇంట్లో భద్రంగా పెట్టుకోండి. ఘాట్‌రోడ్ గారూ, మీ మంచం ఫ్రేము కొలతలు, మధ్యలో కాలు ఎక్కడ ఆనుతోందో ఒక ఫోటో ఇక్కడ పెట్టండి. సీటు బోల్టు రంధ్రాలకి సరిపోతుందో లేదో చూసి చెబుతాను. ఆ తర్వాతే కంపెనీకి ఈమెయిల్ పంపండి, ఫోటోలు కొత్తవే వెళ్లాలి.

ఘాట్‌రోడ్

సాయంత్రం టేపు పెట్టి కొలిచి ఫోటోలు పెడతాను అన్నా. ఏజెంట్‌కి ఫోన్ చేసి రెన్యువల్ అప్పుడే చేయొద్దని చెప్పేశాను.