హోమ్ థియేటర్ గదిలో సరౌండ్ స్పీకర్ పెట్టాల్సిన చోటే తలుపు వచ్చింది, ఏం చేయాలి?

ఇంట్లో ఒక గదిని హోమ్ థియేటర్‌గా మారుద్దామనుకుంటున్నాం. పొడవు 16 అడుగులు, వెడల్పు 11. వైర్లు ఇంకా గోడల్లోకి వెళ్ళలేదు కాబట్టి ఇప్పుడే అడుగుతున్నాను.

చిన్న గోడ మీద 120 అంగుళాల స్క్రీన్ వేస్తే దాని వెడల్పే 8.7 అడుగులు, ఇటూ అటూ అడుగు పైచిలుకు మిగులుతుంది. సోఫా 12 అడుగుల దూరంలో. అక్కణ్ణుంచి ముందు స్పీకర్ల కోణం 22 డిగ్రీల దాకా వస్తోంది, పర్లేదు. అసలు తలనొప్పి సరౌండ్‌తోనే, అంటే పక్కల నుంచి శబ్దం ఇచ్చే స్పీకర్లతో. 5.1లో (ఐదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్ ఉండే అమరిక) అవి, సోఫాలో కూర్చున్నవాళ్ళకి సరిగ్గా ఎదురు దిక్కు సున్నా అనుకుంటే, 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉండాలంటారు కదా, కుడివైపు సరిగ్గా అక్కడే తలుపుంది, పైగా లోపలికి తెరుచుకుంటుంది. ఎడమది చెవి ఎత్తులో పెట్టి కుడిది తలుపు పైన బిగిస్తే శబ్దం అతుకులబొంతలా ఉండదా? రెండింటినీ ఒకే ఎత్తుకు లేపేయాలా, లేక రెండూ 120 డిగ్రీల దాకా వెనక్కి జరిపితే నయమా?

ఇంకోటి. సీలింగులో రెండు స్పీకర్లకు వైరు మాత్రం లాగి ఉంచి, ఉన్న డబ్బు మంచి సబ్‌వూఫర్ మీద పెడదామని ఉంది (అమ్మేవాళ్ళు ముందు పైనుంచి కూడా శబ్దం వచ్చే డాల్బీ అట్మాసే అంటగట్టాలని చూస్తున్నారు, అది వేరే సంగతి). ప్రొజెక్టర్ దాకా హెచ్‌డీఎంఐ కేబుల్‌కి ఎంత లావు పైపు వేయించాలి? కనెక్టరు కూడా దూరాలిగా. ఇలాంటి గదిలో బిగించుకున్నవాళ్ళెవరైనా ఉంటే కాస్త చెప్పండి.