పొటాషియం పెంచితే ఎం1 కాల్షియం సిగ్నల్ తగ్గుతోంది: మార్పు రిసెప్టర్‌లోనా, కాల్షియం దారిలోనా?

ప్రశ్న:
హెక్293 కణాల్లో (ల్యాబ్‌లో పెంచే మానవ కణాలు) ఎం1 మస్కరినిక్ రిసెప్టర్ (ఎసిటైల్‌కోలిన్‌ను పట్టుకునే పొర ప్రోటీన్) ఎక్స్‌ప్రెస్ చేసి, ఫ్లువో-4 అనే మెరిసే రంగుతో కాల్షియం కొలుస్తున్నాను. ఎసిటైల్‌కోలిన్‌లా పనిచేసే కార్బకాల్ 10 మైక్రోమోలార్ ఇస్తే మొదట ఒక పీక్, తర్వాత నిమిషాల పాటు నిలిచే మట్టం వస్తున్నాయి. బయటి ద్రావణంలో సోడియం తగ్గించి పొటాషియం 65 మిల్లీమోలార్ చేస్తే పీక్ మారడం లేదు, నిలిచే మట్టం మాత్రం మూడో వంతు పడిపోతోంది. బయట పొటాషియం పెరిగితే కణం డీపోలరైజ్ అవుతుంది, అంటే లోపలి నెగటివ్ ఓల్టేజ్ తగ్గుతుంది. అలా అయితే ఎసిటైల్‌కోలిన్ మీద ఎం1 పట్టు పెరుగుతుందని, దాని సోదర రిసెప్టర్ ఎం2 పట్టు తగ్గుతుందని చదివాను. మరి నాకు ఎదురు ఫలితం ఎందుకొస్తోంది?

జవాబు 1:
ఈ తగ్గుదలకు రిసెప్టర్‌ను తప్పుపట్టనక్కర్లేదండి. పీక్‌లో కనబడేది కణం లోపలి ఈఆర్ అనే సంచిలో నిల్వ ఉన్న కాల్షియం. రిసెప్టర్ పంపే ఐపీ3 అనే సందేశ అణువు తగలగానే లోపలే విడుదలవుతుంది, బయటి పొర ఓల్టేజ్‌తో దానికి నేరుగా పని లేదు. నిల్వ ఖాళీ అయ్యాక బయటి పొరలోని ఓరాయ్ అనే కాల్షియం చానళ్లు తెరుచుకుంటాయి. కణం లోపల ఎంత నెగటివ్‌గా ఉంటే వాటి గుండా కాల్షియం అంత గట్టిగా లోపలికొస్తుంది. మీరు డీపోలరైజ్ చేశారు, ఆ లాగుడు తగ్గింది, మట్టం పడింది. టీ లింఫోసైట్లలో కెవి1.3 అనే పొటాషియం చానల్‌ను అడ్డుకుని కణాన్ని డీపోలరైజ్ చేసినా ఇదే జరుగుతుంది.

బయట కాల్షియం తీసేసి, కాల్షియాన్ని పట్టేసే ఈజీటీఏ కాస్త వేసి, పీక్ ఒక్కటే కొలవండి. అదీ 10 మైక్రోమోలార్ దగ్గర వద్దు. రిసెప్టర్ దండిగా ఉన్న కణాల్లో ఆ మోతాదుకు స్పందన అప్పటికే గరిష్ఠానికి చేరిపోతుంది, పట్టు రెండింతలైనా కనబడదు. రెండు ద్రావణాల్లోనూ పూర్తి డోస్ కర్వ్ గీసి ఈసీ50 (సగం స్పందన ఇచ్చే మోతాదు) ఎటు జరిగిందో చూడండి.

జవాబు 2:
ద్రావణాల సంగతి కూడా చూడండి. మీరు మార్చింది పొటాషియం ఒక్కటే కాదు, సోడియం కూడా. చాలా జీపీసీఆర్‌లలో (ఎం1 కూడా చెందే రిసెప్టర్ కుటుంబం) సోడియం అయాన్ రెండో హెలిక్స్‌లోని ఆస్పార్టేట్ అనే అమైనో ఆమ్లం దగ్గర చేరి అగోనిస్ట్ (రిసెప్టర్‌ను పనిచేయించే మందు) పట్టును తగ్గిస్తుంది. కాబట్టి సోడియం క్లోరైడ్ రెండింటిలోనూ 80 మిల్లీమోలారే ఉంచండి. ఒకదానిలో పొటాషియం క్లోరైడ్ 5, సోడియం, పొటాషియంలకు బదులు నింపే ఎన్ఎండీజీ క్లోరైడ్ 60. రెండోదానిలో పొటాషియం క్లోరైడ్ 65. క్లోరైడ్‌కు బదులు గ్లూకోనేట్ వాడితే అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, స్వేచ్ఛా కాల్షియం తగ్గి లెక్క మళ్లీ తప్పుతుంది.

ఇంకొకటి. లోపల పొటాషియం 140 అనుకుంటే, 25 డిగ్రీల దగ్గర నెర్న్‌స్ట్ లెక్క (పొటాషియం ఒక్కటే నిర్ణయిస్తే వచ్చే ఓల్టేజ్) ప్రకారం బయట 5 ఉన్నప్పుడు మైనస్ 86 మిల్లీవోల్టులు, 65 ఉన్నప్పుడు మైనస్ 20. కానీ మామూలు హెక్ కణం చాలాసార్లు మైనస్ 20 నుంచి 40 మధ్యే కూర్చుంటుంది, అంటే మీ అసలు మార్పు చాలా చిన్నది. కిర్2.1 అనే పొటాషియం చానల్ కూడా ఎక్స్‌ప్రెస్ చేస్తే కణం మైనస్ 80 దగ్గరికి దిగుతుంది, అప్పుడు దాదాపు 60 మిల్లీవోల్టుల గెంతు దొరుకుతుంది.

జవాబు 3:
ఖాయంగా తేల్చాలంటే హోల్-సెల్ పాచ్ క్లాంప్‌తో (గాజు పిపెట్‌తో కణం ఓల్టేజ్‌ను మనమే పెట్టే పద్ధతి) పాటు ఫ్రెట్ (రెండు ప్రోటీన్లు దగ్గరైతే మారే కాంతి సిగ్నల్) పెట్టాల్సిందే. గిర్క్, కేసీఎన్‌క్యూ అనే పొటాషియం చానళ్ల కరెంటును కొలమానంగా పెట్టుకోకండి, అవి ఓల్టేజ్‌కు వాటంతట అవే మారతాయి. ఎం1 ఉత్తేజపరిచే జీ ఆల్ఫా క్యూ ప్రోటీన్‌కీ దాన్ని పట్టుకునే జీఆర్‌కే2కీ మధ్య ఫ్రెట్ తీసుకుంటే అయాన్ల లాగుడుతో సంబంధం ఉండదు. ఈసీ50 దగ్గరి మోతాదు పారిస్తూ మైనస్ 90 నుంచి ప్లస్ 60కి గెంతించండి. అంత దూరం ఎందుకంటే, షేకర్ పొటాషియం చానల్‌లో 12-13 ఎలక్ట్రాన్ల పాటి ఆవేశం కదిలితే ఈ రిసెప్టర్లలో కదిలేది ఒకటికి అటూఇటూ. 2006లో జెనోపస్ కప్ప అండకణాల్లో ఆ ఆవేశం కదలిక వల్ల వచ్చే గేటింగ్ కరెంటును నేరుగా కొలిచారు. పిపెట్‌లో జీ ప్రోటీన్‌కు కావలసిన జీటీపీ మరిచిపోతే కాసేపటికి సిగ్నల్ చల్లారిపోతుంది. సిరీస్ రెసిస్టెన్స్ (పిపెట్‌కూ కణానికీ మధ్య నిరోధం) 10 మెగాఓమ్‌లు ఉండి 2 నానోఆంపియర్లు పారితే మీరు పెట్టిన ఓల్టేజ్‌లో 20 మిల్లీవోల్టులు అక్కడే పోతాయి. అగోనిస్ట్ లేకుండా ఒకసారి, రిసెప్టర్‌ను అడ్డుకునే అట్రోపిన్‌తో ఒకసారి అదే గెంతు వేయించండి. అప్పుడూ ఫ్రెట్ కదిలితే అది రిసెప్టర్ ఆక్టివేషన్ వల్ల వచ్చింది కాదు.

ఎసిటైల్‌కోలిన్ ఫలితాన్ని కార్బకాల్‌కు అంటగట్టకండి. ఎం2నే తీసుకోండి: డీపోలరైజ్ చేస్తే ఎసిటైల్‌కోలిన్ బలం తగ్గుతుంది, మరో అగోనిస్ట్ పైలోకార్పిన్ బలం పెరుగుతుంది. ఎసిటైల్‌కోలిన్, కార్బకాల్ రెండింటినీ ఒకే కణం మీద, మధ్యలో బాగా కడిగి, పక్కపక్కన పెట్టి చూడండి.