అప్‌డేట్: ‘బుకీ’ సంగతి తేలింది

పేపర్లో ‘బుకీ అరెస్ట్’ అని చూసి మా అమ్మాయి అర్థం అడిగిందని మొన్న రాశాను కదా. పందెం కాసేవాడా, కట్టించుకునేవాడా అన్నది నా అనుమానం. కట్టించుకునేవాడే! ‘బుక్‌మేకర్’కి వాడుకలో పొట్టి రూపం. పందేలు రాసుకునే పుస్తకమే ఆ ‘బుక్’. కాసేవాడు ‘పంటర్’.

నిన్న జగదాంబ సెంటర్ దగ్గర టీ తాగుతూ ఆ పుస్తకం ఎలా ఉంటుందో మావయ్య పేపరు అంచున నిలువుగీత గీసి చూపించాడు: ఇటు ఎవరెంత కాశారో, అటు గెలిస్తే ఎంతివ్వాలో.

బ్రిటన్‌లో 1961 నుంచి లైసెన్సున్న పందెం దుకాణాలున్నాయి, అక్కడది మామూలు మాట. మన దగ్గర క్రికెట్ బెట్టింగ్ నేరం కాబట్టి పోలీసు కేసే గుర్తొస్తుంది. సరదాకైనా ఎవరినీ అలా పిలవకండి. మా వీధి కుర్రాడొకడు ఆ మాటకి చాలా బాధపడ్డాడు.