ఉమ్మడి క్యాటలాగ్: మార్క్‌లో మొదలుపెట్టాలా, బిబ్‌ఫ్రేమ్ కోసం ఆగాలా?

ప్రశ్న – కందుకూరు, కాలేజీ లైబ్రరీ

అందరికీ నమస్కారం. నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలులోని అయిదు లైబ్రరీల పుస్తకాలను ఒకేచోట వెతుక్కునేట్టు చేద్దామనుకుంటున్నాం. లైబ్రరీ సాఫ్ట్‌వేర్లలో రెండుచోట్ల కోహా ఉంది. ఒకచోట ఇ-గ్రంథాలయ, ఒకచోట సోల్, ఇంకోచోట ఉత్త ఎక్సెల్ షీటు. సగానికి పైగా తెలుగు పుస్తకాలే. పుస్తకం వివరాలను నంబర్లున్న ఫీల్డుల్లో రాసే మార్క్ ఫార్మాట్ పోయి, దాని స్థానంలో బిబ్‌ఫ్రేమ్ వస్తుందంటున్నారు. ఇప్పుడు మార్క్‌లో చేస్తే నాలుగేళ్లకు మళ్లీ మొదటికి వస్తామా? పేర్లు తెలుగు లిపిలో పెట్టాలా, ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాలా? ఐఎస్‌బీఎన్ లేని పాత పుస్తకాలను ఎట్ట కలపాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

జవాబు – ఒంగోలు, క్యాటలాగింగ్

ఆగొద్దు మేడమ్. బిబ్‌ఫ్రేమ్ 2.0 వచ్చింది 2016లో. ఇప్పటికీ కోహా లోపల రికార్డు మార్క్‌గానే నిల్వ ఉంటుంది, లైబ్రరీల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం కూడా ఎక్కువగా మార్క్‌లోనే జరుగుతోంది. మార్క్ నుంచి బిబ్‌ఫ్రేమ్‌కి, అటు నుంచి ఇటు మార్చే కన్వర్టర్లు రెండింటినీ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఉచితంగా పెట్టింది. కాబట్టి ఫార్మాట్ గురించి భయం అక్కర్లేదు. కన్వర్టర్ ఉన్నదాన్ని మారుస్తుంది గానీ లేనిదాన్ని పుట్టించలేదు. భయపడాల్సింది అక్కడే.

బిబ్‌ఫ్రేమ్‌లో మూడు మెట్లు ఉంటాయి: వర్క్, ఇన్‌స్టాన్స్, ఐటమ్. తిక్కన విరాటపర్వం వర్క్. దాన్ని ఒక్కో ప్రచురణకర్త వేసిన ఒక్కో కూర్పు ఇన్‌స్టాన్స్. మీ బీరువాలో బార్‌కోడ్ అంటించిన కాపీ ఐటమ్. ఇప్పుడు మీ మార్క్ రికార్డులో ఫీల్డు 100లో కర్త పేరు ఒక చోట ఒక రకంగా, ఇంకో చోట ఇంకో రకంగా ఉంటే ఒకే విరాటపర్వం మూడు వర్కులుగా విడిపోతుంది. తిక్కన, తిక్కన సోమయాజి, కొట్టరువు తిక్కన: ఈ మూడూ ఒకరే అని యంత్రానికి తెలియదు గదా. అథారిటీ రికార్డు (ఒకరి పేరుకున్న రూపాలన్నీ ఒకచోట చేర్చేది) ఒకటి చేసి, ఒక రూపాన్ని 100లో పెట్టి, మిగతావి 400లో పెట్టండి. బిబ్లియోగ్రాఫిక్ రికార్డులో, అంటే పుస్తకం రికార్డులో, ఆ పేరు పక్కన సబ్‌ఫీల్డ్ (ఫీల్డు లోపలి భాగం) 0లో అథారిటీ నంబరు, సబ్‌ఫీల్డ్ 1లో వయాఫ్ (అంతర్జాతీయ పేర్ల జాబితా) లింకు చేర్చండి. రేపు బిబ్‌ఫ్రేమ్‌కి పోయినప్పుడు పనికొచ్చే సరుకు అదే.

అరణ్యపర్వం దగ్గర ఇంకో చిక్కుంది. నన్నయ మొదలుపెట్టి వదిలేసిన భాగాన్ని ఎఱ్ఱన పూర్తి చేశాడు. 100లో ఒకరు, అదనపు పేర్లకున్న 700లో ఇంకొకరు ఉండాలి. చాలా షీట్లలో ఒక్క పేరే కనిపిస్తుంది. ఇంకొన్నింటిలో కర్త గడిలోనే ‘కవిత్రయం’ అని రాసేస్తారు. అది మనిషి పేరు కాదు. పుస్తకం పేరు రాసే 245లో, కర్తల వివరం ఉండే సబ్‌ఫీల్డ్ సీలో ఉండొచ్చు, 100లో ఉండకూడదు.

అనువాదాల్లో అయితే మరీ జాగ్రత్త. బెంగాలీ నుంచి వచ్చిన శరత్ నవలలకు ఒక్కోదానికి ఇద్దరు ముగ్గురు అనువాదకులున్నారు. భాషల ఫీల్డు 041లో మొదటి ఇండికేటర్ (ఫీల్డు నంబరు పక్కన ఉండే అంకె) 1 పెట్టి, సబ్‌ఫీల్డ్ ఏలో తెలుగు కోడు, హెచ్‌లో మూలభాష కోడు ఇవ్వాలి. అనువాదకుడి పేరు 700లో, సబ్‌ఫీల్డ్ ఈలో అనువాదకుడు అన్న మాటతో సహా ఉండాలి. ఇది లేకుండా పేరు, రచయిత మాత్రమే చూసి కలిపితే ఇద్దరి అనువాదాలు ఒకే రికార్డు కిందికి పోతాయి. కలిపినవాటిని మళ్లీ విడదీయడం నరకం.

ఇంకోటి. 040 సబ్‌ఫీల్డ్ బీ పుస్తకం భాష కాదు, క్యాటలాగ్ రాసిన భాష. పుస్తకం భాష 008లో 35 నుంచి 37 స్థానాల్లో ఉంటుంది. ఈ రెండూ తారుమారైన రికార్డులు కోకొల్లలు. భాష వారీగా ఫిల్టర్ పెట్టి చూస్తే వెంటనే బయటపడతాయి.

జవాబు – చీరాల

లిపి గురించి నా అభిప్రాయం చెబుతా. ఇండియన్ నేషనల్ బిబ్లియోగ్రఫీ 1958 నుంచి వస్తోంది, అందులో భారతీయ భాషల పుస్తకాలను రోమన్ లిపిలోనే ఇచ్చారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నుంచి తెలుగు పుస్తకానికి రికార్డు దించుకున్నా ఏఎల్‌ఏ-ఎల్‌సీ అనే లిప్యంతరీకరణ పద్ధతిలో రోమన్‌లోనే వస్తుంది. ప్రపంచంతో కలవాలంటే రోమన్ ఒక్కటే చాలు. రెండు లిపులంటే పని రెట్టింపు.

జవాబు – నెల్లూరు, సిస్టమ్స్

చీరాల సార్ చెప్పింది వాస్తవమే, కానీ ఆ పద్ధతి పాత యంత్రాల కాలంలో పుట్టింది. మార్క్-8 అనే పాత అక్షరపట్టికలో అరబిక్, హీబ్రూ, సిరిలిక్, చైనీస్ ఉన్నాయి, తెలుగు లేనే లేదు. ఇప్పుడు అన్ని లిపులూ పట్టే యూటీఎఫ్-8 ఉంది. దీర్ఘాల గీతలు, కింద చుక్కలు పెట్టి పేరు టైపు చేసి వెతికే పాఠకుడు కావలిలోనూ లేడు, ఒంగోలులోనూ లేడు.

నా సలహా: 245లో తెలుగు లిపి పెట్టి, రోమన్ రూపాన్ని వేరే లిపి రూపానికున్న 880లో పెట్టి, రెండింటినీ సబ్‌ఫీల్డ్ 6తో ముడేయండి. 245లో 880-01 అనీ, 880లో 245-01 అనీ ఉండాలి. ఈ నంబర్లు రెండు వైపులా కలవకపోతే జత తెగిపోయి, 880 దిక్కులేకుండా మిగిలిపోతుంది. బయటి నుంచి దించిన రికార్డులో 245లోనే రోమన్ ఉంటుంది, దాన్ని మార్క్ఎడిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో తిరగేయండి. జనం వాడే మామూలు ఇంగ్లీషు స్పెల్లింగును మొదటి ఇండికేటర్ 3తో, పేరు ఇతర రూపాలకున్న 246లో చేర్చండి. ఫోన్లో వెతికేవాళ్లు టైపు చేసేది దాన్నే. అన్ని పుస్తకాలకూ 880 చేసే ఓపిక లేకపోతే అది మానేయండి గానీ తెలుగు 245, మామూలు 246 మాత్రం వదలొద్దు.

ఇక యూనికోడ్ సంగతి. తెలుగు తెరమీద కనిపిస్తే చాలదు, లోపల ఒకటేనా అన్నది చూడాలి. ఎక్కువగా చెడేవి ఇవి:

ఐత్వం. ‘కై’లోని ఐత్వానికి 0సి48 అని ఒక కోడ్ ఉంది. అదే గుర్తును 0సి46, 0సి56 అని రెండు ముక్కలుగానూ రాయొచ్చు. కంటికి తేడా ఉండదు, పోలికలో మాత్రం రెండూ వేరు. ఫైలు మొత్తాన్ని ఎన్‌ఎఫ్‌సీ (ముక్కలను ఒకే కోడ్‌గా కలిపే యూనికోడ్ రూపం)లోకి మారిస్తే తీరిపోతుంది.

కనపడని అక్షరాలు. అరువు మాటల్లో పొల్లు నిలపడానికి వాడే 200సి ఒక రికార్డులో ఉండి, ఇంకోదాంట్లో లేకపోతే రెండు పేర్లూ కలవవు. పాఠకుడికి చూపించే పేరులో ఉంచండి, పోల్చడానికి చేసే కీలో తీసేయండి.

బండి ఱ, అరసున్న. ఎఱ్ఱన, ఎర్రన రెండూ దొరకాలి. పుస్తకం మీద ఎట్టుంటే అట్టే 245లో రాసి, ఇప్పటి రూపం 246లో ఇవ్వండి. ‘గ్రంథాలయము’, ‘గ్రంధాలయం’ లాంటివీ అంతే. 245లో తప్పులు దిద్దడం మొదలుపెడితే అయిదు లైబ్రరీలు అయిదు రకాలుగా దిద్దుతాయి.

అను ఫాంట్లలో కొట్టిన పాత జాబితా ఉంటే అది అసలు తెలుగు డేటానే కాదు, ఇంగ్లీషు అక్షరాల మీద తెలుగు బొమ్మలు వేసినట్టు. కన్వర్టర్‌తో మార్చాక ఒత్తులు, సున్నలు మనిషి కూర్చుని చూడాల్సిందే.

మార్క్ ఫైలు ఎక్కించేముందు లీడర్‌లో (రికార్డు మొదట్లో ఉండే వరుసలో) 09వ స్థానం చూడండి. అక్కడ చిన్న ‘ఏ’ ఉంటే యూటీఎఫ్-8 అని అర్థం. ఖాళీగా ఉంటే సాఫ్ట్‌వేర్ దాన్ని మార్క్-8 అనుకుని తెలుగునంతా పిచ్చి గీతలుగా మారుస్తుంది. కోహాలో జీబ్రా సెర్చ్ ఇంజిన్ వాడుతుంటే యూనికోడ్ తెలిసిన ఐసీయూ ఇండెక్సింగ్‌కి మార్చి, పూర్తి రీఇండెక్స్ నడపండి. అది చేయకుండా ‘తెలుగు వెతుకులాట పనిచేయదు’ అని రోమన్‌కి పోయినవాళ్లు చాలామంది ఉన్నారు.

ప్రశ్న – కందుకూరు

ఎక్సెల్ షీటులో ఐఎస్‌బీఎన్ గడి అంతా 9.78ఈ+12 అని ఉంది సార్. దీన్ని వెనక్కి తేవచ్చా?

జవాబు – కావలి

గడి మీద నొక్కితే పైన బార్‌లో పూర్తి 13 అంకెలు కనిపిస్తే సరే, కాలమ్‌ను నంబర్ ఫార్మాట్‌లోకి మార్చి దశాంశాలు సున్నా పెట్టండి. ఒకసారి సీఎస్‌వీగా సేవ్ చేసి మళ్లీ తెరిచినదైతే చివరి అంకెలు పోయినట్టే, పుస్తకం చూసి కొట్టుకోవాల్సిందే. కొత్త షీటులో ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్ అని పెట్టి తర్వాతే అతికించండి. లేకపోతే సున్నాతో మొదలయ్యే 10 అంకెల పాత నంబర్లలో ఆ సున్నా కూడా ఎగిరిపోతుంది. సేవ్ చేసేటప్పుడు ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీ అయితే తెలుగంతా ప్రశ్నార్థకాలే. ఆ తర్వాత మార్క్ఎడిట్‌లో డిలిమిటెడ్ టెక్స్ట్ ట్రాన్స్‌లేటర్‌తో కాలమ్‌కి ఏ ట్యాగో చెప్పి మార్క్ చేయండి.

ఐఎస్‌బీఎన్ ఉంది గదా అని పూర్తిగా నమ్మొద్దు. చిన్న ప్రచురణకర్తలు సెట్టు మొత్తానికి ఒకటే నంబరు వేయడం, పాత నంబరునే కొత్త పుస్తకం మీద వేయడం మామూలే. 13 అంకెలకూ వరసగా 1, 3, 1, 3 గుణకాలతో కూడితే మొత్తం 10తో భాగం పోవాలి. పోకపోతే ఆ నంబరును 020 సబ్‌ఫీల్డ్ ఏలో కాకుండా జెడ్‌లో పెట్టండి. సెట్టు నంబరైతే సబ్‌ఫీల్డ్ క్యూలో ‘సెట్టు’ అని రాయండి.

కోహాలో రికార్డ్ మ్యాచింగ్ రూల్ చేసేటప్పుడు థ్రెషోల్డ్ (కలిసినట్టు లెక్కించడానికి కావాల్సిన స్కోర్) 1000, ఐఎస్‌బీఎన్‌కి స్కోర్ 1000 ఇచ్చి, మ్యాచ్ చెక్‌గా 245 సబ్‌ఫీల్డ్ ఏ పెట్టండి. నంబరు కలిసి పేరు కలవకపోతే అది ఆపుతుంది. ఒకచోట 10 అంకెలు, ఇంకోచోట 13 అంకెలు ఉంటే అగ్రెసివ్ మ్యాచ్ ఆన్ ఐఎస్‌బీఎన్ అనే ప్రిఫరెన్స్ ఆన్ చేసుకోండి.

నంబరే లేని పుస్తకాలకు పేరు, రచయిత, అనువాదకుడు, ప్రచురణకర్త, సంవత్సరం, పుటల సంఖ్య కలిపి కీ చేయండి. ఇక్కడ ముందే తేల్చుకోవాల్సింది ముద్రణ సంగతి. పుస్తకం మీద ‘నాలుగో ముద్రణ’ అని ఉన్నంత మాత్రాన కొత్త రికార్డు అక్కర్లేదు. ప్రచురణకర్త అదే, పుటలు అవే అయితే పాత రికార్డు కిందే కాపీ చేర్చండి. పుటలు మారినా, ‘సవరించిన కూర్పు’ అన్నా వేరే రికార్డు. ఈ ఒక్క నియమం రాసుకోకుండా మొదలుపెడితే ఒక నవలకే ఏడెనిమిది రికార్డులు తేలతాయి.

జవాబు – ఒంగోలు, క్యాటలాగింగ్

కావలి సార్ చెప్పినదానికి తోడు, బ్రాంచ్ కోడ్‌లో జిల్లా పేరు పెట్టకండి. కందుకూరునే చూడండి: 1970 దాకా నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022లో మళ్లీ నెల్లూరు. వేటపాలెంలోని సారస్వత నికేతనం లైబ్రరీ 2022లో ప్రకాశం నుంచి బాపట్లకు పోయింది. సరిహద్దులు మారినప్పుడల్లా కోడ్ మార్చలేం. కోహాలో బ్రాంచ్ కోడ్ 10 అక్షరాలకు మించదు, ఒకసారి పెట్టాక తెరమీద నుంచి మార్చే వీలూ లేదు. ఊరి పేరు పొట్టిగా, పక్కన రెండు అంకెలు చాలు. జిల్లా ఎక్కడ కావాలన్నా బ్రాంచ్ చిరునామాలో ఉంటుంది.

ఉమ్మడి ఫైలుకి ఇచ్చేముందు ప్రతి రికార్డులో 001 (రికార్డు నంబరు), 003 (సంస్థ కోడు) నింపండి. కేంద్రంలో చేరాక ఆ రెండూ కలిసి 035లోకి పోవాలి, ముందు బ్రాకెట్లో సంస్థ కోడు, తర్వాత నంబరు. రేపు ఒక లైబ్రరీ తన రికార్డు దిద్ది మళ్లీ పంపితే పాతది గుర్తుపట్టేది దీనితోనే. ఇది లేకపోతే ప్రతి అప్‌డేటూ ఇంకో నకలు అవుతుంది.

952 కోహా సొంత ఫీల్డు, బయటివాళ్లకు అర్థం కాదు. ఎక్కడ ఉందో చెప్పడానికి 852 చేసి పంపండి. 952లో ధర ఉండే సబ్‌ఫీల్డ్ ‘జీ’ని, ఎక్కడ కొన్నారో ఉండే సబ్‌ఫీల్డ్ ‘ఈ’ని తీసేయండి, అవి ఉమ్మడి వ్యవహారం కాదు. కాల్ నంబరు ఎవరిది వారిదే. ఒకరు తెలుగు సాహిత్యానికి డ్యూయీ 894.827 వాడతారు, ఇంకొకరు కోలన్ వర్గీకరణ వాడతారు. దీనిమీద సమావేశం పెట్టి గొడవపడొద్దు.

ఇచ్చిపుచ్చుకోవడానికి కోహా ఉన్న రెండుచోట్ల రికార్డులు తెచ్చుకోనిచ్చే ఓఏఐ-పీఎంహెచ్ సదుపాయం ఆన్ చేస్తే కేంద్రం తేదీని బట్టి మారినవి మాత్రమే తెచ్చుకుంటుంది. కొన్ని వివరాలే పట్టే డబ్లిన్ కోర్ కాకుండా మార్క్ మొత్తం వచ్చే మార్క్ఎక్స్‌ఎమ్‌ఎల్ అడగండి, డబ్లిన్ కోర్‌లో 880 జతలు, 041 వివరాలు రాలిపోతాయి. తీసేసిన రికార్డుల సమాచారం కూడా ఇచ్చేట్టు సెట్ చేయండి, లేకపోతే ఎప్పుడో రద్దు చేసిన పుస్తకం ఉమ్మడి జాబితాలో కనిపిస్తూనే ఉంటుంది. మిగతా మూడూ నెలకోసారి ఫైలు పంపితే చాలు. డేటాకు సీసీ-జీరో (ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోవచ్చనే) లైసెన్స్ అని అయిదుగురూ ముందే సంతకాలు చేయండి. ఎవరైనా బయటికి పోయినా రికార్డులు ఇరుక్కోవు.

ప్రశ్న – కందుకూరు

ధన్యవాదాలు సార్. కథా సంకలనాల విషయసూచిక మొత్తం 505లో తెలుగులో కొట్టించాం. కొన్ని రికార్డులు ఎగుమతి చేసేటప్పుడు సగానికి తెగిపోతున్నాయి. ఎందువల్ల?

జవాబు – నెల్లూరు, సిస్టమ్స్

మామూలు మార్క్ ఎగుమతి ఫైలు రూపమైన ఐఎస్‌ఓ 2709 కొలతల వల్ల మేడమ్. అందులో ఒక ఫీల్డు పొడవు నాలుగు అంకెల్లోనే రాయాలి, అంటే 9,999 బైట్లకు మించకూడదు. మొత్తం రికార్డుకు 99,999. తెలుగులో ఒక్కో కోడ్‌కు 3 బైట్లు పడతాయి, గుణింతం, పొల్లు, ఒత్తు అన్నీ విడివిడి లెక్కే. ‘లక్ష్మి’ అన్న చిన్న పేరుకే 21 బైట్లు. కాబట్టి 3,300 కోడ్‌లు దాటిన 505 ఆ ఫైలులో పట్టదు. మార్క్ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఈ హద్దు లేదు, ఎగుమతి అందులో చేయండి. అవతలివాళ్లకు 2709 ఫైలే కావాలంటే 505ను రెండు మూడు ఫీల్డులుగా విడగొట్టండి, విరుపు ఒక కథ పేరు మధ్యలో కాకుండా రెండు కథల మధ్య పడేట్టు చూసుకోండి. ఒక్కో కథకు రచయిత వేరైతే రెండో ఇండికేటర్ 0 పెట్టి, పేరు సబ్‌ఫీల్డ్ టీలో, రచయిత ఆర్‌లో ఇస్తే రచయిత పేరుతో వెతికినా కథ దొరుకుతుంది.