కొరాకోబ్రేకియాలిస్‌లో (పై చేయి లోపలి వైపు ఉండే కండ) నర్వ్ దొరకలేదు. వేరియేషనా (పుట్టుకతో ఉన్న తేడా), మేమే కోసేసినామా?

ఫస్టియర్, కర్నూలు:
ఎడమ చేయి డిసెక్షన్ (శవాన్ని కోసి చూడటం). కొరాకోబ్రేకియాలిస్ శుభ్రం చేసి చూస్తే దాన్ని దూసుకుపోవాల్సిన మస్క్యులోక్యుటేనియస్ నర్వ్ లేదు. మీడియన్ నర్వ్ మాత్రం బాగా లావుగా ఉంది, చేయి మధ్యలో దాని నుంచి బైసెప్స్ వైపు ఒక కొమ్మ పోతోంది. కుడి చేయి అంతా పుస్తకంలో ఉన్నట్టే. రికార్డులో ఏమని రాయాలి?

అనాటమీ ట్యూటర్, అనంతపురం:
అప్పుడే "లేదు" అని రాయొద్దు. కింద నుంచి పైకి రండి. మోచేతి దగ్గర బైసెప్స్ టెండాన్ బయటి అంచున సన్నటి నర్వ్ డీప్ ఫాసియాను (కండల మీది గట్టి పొర) చీల్చుకొని వస్తుంది, దగ్గర్లోనే సెఫాలిక్ వెయిన్. అదే లాటరల్ క్యుటేనియస్ నర్వ్ ఆఫ్ ఫోర్‌ఆర్మ్, మస్క్యులోక్యుటేనియస్ చివరి కొమ్మ (చర్మం ఒలిచేటప్పుడే చాలామంది దీన్ని తెంపేస్తారు). బైసెప్స్‌ను పక్కకు జరిపి, దాని కింది కండ బ్రేకియాలిస్‌కూ బైసెప్స్‌కూ మధ్య సందులో ఆ నర్వ్‌ను పైకి వెంబడించండి. ఫోర్సెప్స్‌తో లాగొద్దు, కొవ్వును మాత్రమే తీయండి. మీడియన్‌లో కలిస్తే వేరియేషన్. మధ్యలో మొండి కొన తగిలితే మీ కత్తి పనే.

పైన లాటరల్ కార్డ్ (చంకలో చేతి నర్వ్‌లు పుట్టే కట్టల్లో ఒకటి) కూడా చూడండి. మామూలుగా అది మస్క్యులోక్యుటేనియస్, మీడియన్ లాటరల్ రూట్ అని రెండుగా చీలాలి. చీలకుండా మొత్తం మీడియన్‌లోకే పోతే వేరియేషనే, అనుమానం అక్కర్లేదు. కొరాకోబ్రేకియాలిస్‌కు నర్వ్ ఎక్కడి నుంచి వస్తోందో కూడా వెతకండి, ఆ కండ ఊరికే వదిలేసి ఉండదు. రెండు చేతులూ ఒకేలా ఉండాలన్న రూల్ లేదు.

అనాటమీ పీజీ, కర్నూలు:
ఈ రెండు నర్వ్‌లు కలిసే తీరులోని తేడాలకు లె మినోర్ వర్గీకరణలో 5 టైపులు. మీకు తేల్చుకోవాల్సింది 4, 5 మధ్యే. మీడియన్ నుంచి ఒకే ట్రంక్ విడిపోయి, అదే బైసెప్స్, బ్రేకియాలిస్‌లకు కొమ్మలిచ్చి చివర్న చర్మానికి పోతే 4. అసలు ట్రంకే లేకుండా ఆ కొమ్మలు మీడియన్ నుంచి నేరుగా, విడివిడిగా వస్తే 5. వెనియెరాటోస్ వర్గీకరణ వేరు, అందులో ఉన్నవి 3. ఉట్టి "టైప్ 3" అని రాస్తే వైవాలో ఎవరి టైప్ 3 అని పట్టుకుంటారు.

అనస్తీషియా, కడప:
యాక్సిలరీ బ్లాక్‌లో (చంకలో మందిచ్చి చేతిని మొద్దుబార్చడం) ఇది మాకు రోజూ ఉండే గొడవ. అల్ట్రాసౌండ్‌లో ఈ నర్వ్‌ను ఆర్టరీకి దూరంగా, బైసెప్స్, కొరాకోబ్రేకియాలిస్ మధ్య వెతుకుతాం, దానికి మందు విడిగా ఇవ్వాలి. అక్కడ కనపడకపోతే సూదితో గెలకడం మానేసి, ప్రోబ్‌తో మీడియన్ వెంట కిందికి జారాలి. విడిపోయే చోటు అక్కడే దొరుకుతుంది. నర్వ్ స్టిమ్యులేటర్‌తో మీడియన్ దగ్గరే మోచేయి ముడుచుకుంటే కంగారు పడొద్దు, కారణం ఇదే కావచ్చు. ఇలాంటి చేతిలో పైభాగాన మీడియన్ తెగితే వేళ్లతో పాటు మోచేయి వంచడమూ బలహీనపడుతుంది, ముంజేతి బయటి వైపు స్పర్శ పోతుంది. మోచేయి వంచడానికి రేడియల్ నర్వ్ నుంచి బ్రేకియాలిస్‌కు వచ్చే చిన్న కొమ్మ, అదే నర్వ్ నడిపే బ్రేకియోరేడియాలిస్ కండ మిగులుతాయి.

ఫస్టియర్, కర్నూలు:
కింద నుంచి వచ్చినాం సార్. ఒకటే ట్రంక్, మీడియన్‌లోనే కలిసింది. మొండి కొన ఎక్కడా లేదు.

అనాటమీ ట్యూటర్, అనంతపురం:
అయితే లె మినోర్ 4. కొరాకాయిడ్ (భుజం దగ్గర ముందుకు పొడుచుకొచ్చిన ఎముక) కొన నుంచి ట్రంక్ మీడియన్ నుంచి విడిపోయే చోటు దాకా దారంతో కొలిచి సెంటీమీటర్లలో రాయండి. ఫోన్‌లో ఫొటోలు వద్దు, డిపార్ట్‌మెంట్‌కు చెప్పండి. మీరు బొమ్మ గీయండి, ఆర్టరీ ఎర్రగా, నర్వ్‌లు పసుపుగా.