వియత్నాం పల్లెల్లో ఒంటరిగా బస్సు ప్రయాణం, ఫొంగ్ న్యా గుహలు: వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

గుంటూరు_గీత
అందరికీ నమస్కారం. దసరా సెలవుల్లో పది రోజులు వియత్నాం వెళ్దామనుకుంటున్నాను, ఒక్కదాన్నే. హనోయ్‌లో దిగి, బస్సులో నడిమి వియత్నాంలోని ఫొంగ్ న్యా, మళ్ళీ బస్సులో హుయే. హా లాంగ్ బే పడవ ప్యాకేజీలు నాకొద్దు. పల్లెలు చూడాలి, గుహలు చూడాలి. బొర్రా రెండుసార్లు, బెలుం ఒకసారి చూశాక పట్టుకున్న పిచ్చి ఇది. నా అనుమానాలు: రాత్రి బస్సులో ఆడపిల్ల ఒక్కతే వెళ్ళొచ్చా? బండి నడపడం రాదు, అక్కడ ఎలా తిరగాలి? శాకాహారిని, గుడ్డు మాత్రం తింటాను. అమ్మ టెన్షన్ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

బిలం_బాబు
గీత గారూ, మిగతావన్నీ తర్వాత. ముందు నెల మార్చండి. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా నడిమి వియత్నాంకు తుఫాన్ల కాలం, మనకు బంగాళాఖాతంలో వాయుగుండాలు వరస కట్టినట్టే. 2020 అక్టోబరులో ఆ ప్రాంతమంతా వరదలో మునిగింది. ఫొంగ్ న్యా గుహలోకి వెళ్ళేది నది మీద పడవలో. నీళ్ళు పెరిగితే గుహ నోట్లో పడవ పట్టదు, టికెట్లు ఆపేస్తారు. అంత దూరం వెళ్ళి గట్టున కూర్చుని వాన చూడాల్సి వస్తుంది.

అక్కడికి దగ్గర్లోనే తాన్ హోవా అని ఒక ఊరుంది. ఖాళీ పీపాల మీద ఇళ్ళు కట్టుకున్నారు. వరదొస్తే సామానూ మనుషులతో సహా ఇల్లే పైకి తేలుతుంది. 2023లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఎంపిక చేసిన ఉత్తమ గ్రామాల్లో అదొకటి. వరద ఎంత మామూలైతే ఇల్లు అలా కట్టుకుంటారో ఆలోచించండి! ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్యలో వెళ్ళండి. తర్వాత లావోస్ వైపు నుంచి వడగాలి మొదలవుతుంది, గుంటూరు వాళ్ళకి దాని గురించి నేను చెప్పేదేముంది.

మూటాముల్లె
నేను 2023లో ఒక్కదాన్నే వెళ్ళాను. బస్సు గురించి నన్ను చెప్పనివ్వండి, గుహల కంటే బస్సులే ఎక్కువ నేర్పాయి నాకు.

స్లీపర్ బస్సులో మూడు వరసలు, కిందా పైనా బెర్తులు. ఎక్కగానే చెప్పులు విప్పించి ఒక పాలిథిన్ కవరు చేతిలో పెడతారు. బూట్లు అందులో వేసుకుని బెర్తు దగ్గరే ఉంచుకోవాలి. కాళ్ళు ముందువాడి వీపు కింద ఉండే ఒక పెట్టెలోకి దూర్చాలి. నేను ఐదడుగుల రెండంగుళాలు, హాయిగా పట్టాను. ఆరడుగుల ఆస్ట్రేలియా అబ్బాయి ఒకడు రాత్రంతా మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు పాపం. అన్నిటికంటే వెనకాల ఐదుగురిని కలిపి పడుకోబెట్టే వరస ఉంటుంది, అది మాత్రం తీసుకోవద్దు. మధ్య వరస కూడా వద్దు. కిటికీ పక్క కింది బెర్తు అడగండి.

టాయిలెట్ కోసం దారిలో ఆపినప్పుడు తలుపు దగ్గర ఒక బుట్టనిండా ప్లాస్టిక్ చెప్పులు పోస్తారు. దొరికినవి తొడుక్కుని వెళ్ళి రావడమే. దిగే ముందు బస్సు నంబరు ప్లేటు ఫొటో తీసుకోండి. అక్కడ ఒకేలాంటి బస్సులు పది నిలబడి ఉంటాయి, లెక్క చూసుకోకుండా బయల్దేరే డ్రైవర్లూ ఉంటారు.

అసలు ఇబ్బంది దిగేటప్పుడే. హనోయ్ నుంచి సాయంత్రం ఎక్కితే తెల్లవారుజామున నాలుగు, నాలుగున్నరకి "ఫొంగ్ న్యా, ఫొంగ్ న్యా" అని కాలు తట్టి లేపి రోడ్డు మీద దించేస్తారు. కాబట్టి హోమ్‌స్టేకి ముందే మెసేజ్ పెట్టి, ఏ టైముకి వస్తారో చెప్పండి. చాలాచోట్ల తలుపు తీసి హాల్లో పడుకోనిస్తారు. భయమనిపించిందా అంటే, చీకటికి అనిపించింది, మనుషులకి కాదు.

ఇది వద్దనుకుంటే పగటి రైల్లో డోంగ్ హోయ్ స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి లోకల్ బస్సులో దాదాపు 45 కిలోమీటర్లు. ఆ బస్సు మన పల్లెవెలుగు లాంటిదే, నా పక్కన సీట్లో ఒక బియ్యం బస్తా ప్రయాణించింది.

సికింద్రాబాద్_శీను
బస్సులు గిస్సులు ఎందుకు అక్కా, అక్కడికి పోయినంక స్కూటీ కిరాయికి తీసుకోండి. నేర్చుకోవడానికి రెండు రోజులు చాలు. నేను హో చి మిన్ హైవే మీద 300 కిలోమీటర్లు కొట్టిన, ఎవ్వడూ ఆపలే.

మూటాముల్లె
తమ్ముడూ, ఆపకపోవడం నీ అదృష్టం. వియత్నాం ఒప్పుకునేది 1968 నాటి అంతర్జాతీయ రోడ్డు రవాణా ఒప్పందం ప్రకారం ఇచ్చే లైసెన్సు. మన ఆర్టీవో ఆఫీసులో ఇచ్చేది 1949 ఒప్పందానిది, అక్కడ చెల్లదు. పోలీసుల జరిమానా సంగతి పక్కన పెట్టు, పడి కాలు విరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు ముందు అడిగేది అదే కాగితం. ఆ సున్నపురాయి కొండల మలుపుల్లో బండి నేర్చుకోమని గీతకి చెప్పకు.

గీతా, సైకిలు చాలు. ఊరి చుట్టూ పొలాలు, బోంగ్ లాయ్ లోయ అన్నీ సైకిలు మీద తిరగొచ్చు. దూరంగా ఉండే గుహలకి హోమ్‌స్టేలో చెబితే వ్యాన్‌లో నలుగురైదుగురితో కలిపి పంపిస్తారు.

సికింద్రాబాద్_శీను
లైసెన్సు ముచ్చట నాకు తెల్వదు, మంచిదే చెప్పిన్రు. నా తరఫున ఒక్క మాట: వాళ్ళ డబ్బు డాంగ్, అందులో 20 వేల నోటూ 5 లక్షల నోటూ రెండూ నీలమే. చీకట్లో కొబ్బరిబోండానికి నేను 5 లక్షలు ఇచ్చిన. ఆ ముసలామె వెనక ఉరికొచ్చి తిరిగి ఇచ్చింది.

పప్పన్నం
శాకాహారులకు: "చాయ్" అనే మాట నేర్చుకోండి. టీ కాదు, శాకాహారం. "తోయ్ అన్ చాయ్" అంటే నేను శాకాహారిని అని. బోర్డు మీద ఆ మాట ఉన్న హోటల్‌లోకి కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు. వాళ్ళ చాంద్రమాన నెలలో మొదటి రోజు, పదిహేనో రోజు బౌద్ధులు చాలామంది మాంసం ముట్టరు, అంటే దాదాపు మన అమావాస్య, పౌర్ణమి రోజుల్లో. ఆ రోజుల్లో మార్కెట్లో పండగే.

మామూలు రోజుల్లో పల్లె హోటల్‌లో కూర ఆకుకూరే అయినా చేపల సాసు, న్యొక్ మామ్, పడిపోతుంది. ముందే వద్దనాలి. నేను కందిపొడి, చిన్న సీసాలో నెయ్యి పట్టుకెళ్ళాను. వేడన్నం ఎక్కడైనా దొరుకుతుంది కదా. ఉడకబెట్టిన వేరుశెనగలు, మొక్కజొన్న పొత్తులు, ఎండబెట్టిన చిలగడదుంప కూడా నన్ను బతికించాయి.

బిలం_బాబు
ఇక గుహలు. మన బెలుం మూడు కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ పారడైజ్ కేవ్ 31 కిలోమీటర్లు. 2005లో బయటపడింది, 2010లో జనానికి తెరిచారు. మామూలు టికెట్‌కి చెక్క దారి మీద ఒక కిలోమీటరు నడవనిస్తారు, అదే చాలు నోరు తెరుచుకోవడానికి. లోపలికి ఏడు కిలోమీటర్లు వెళ్ళాలంటే గైడుతో వేరే టూరు.

డార్క్ కేవ్‌లో తాడు మీద జారి, నది దాటి, బురదలో దొర్లిస్తారు. కాలేజీ పిల్లలకి బాగుంటుంది. నాకు బురద మా పొలంలోనే బోలెడుంది.

సోన్ దూంగ్ గురించి అడగబోతారని నాకు తెలుసు. ప్రపంచంలోకెల్లా పెద్ద గుహ అదే. హో ఖాన్ అనే ఆ ఊరివాడు 1990 ప్రాంతంలో అడవిలో గాలివానకి తలదాచుకుంటుంటే లోపలినుంచి హోరు వినిపించింది. దారి మర్చిపోయి, 2008లో మళ్ళీ పట్టుకున్నాడు. 2009లో బ్రిటిష్ బృందాన్ని తీసుకెళ్ళి చూపించాడు. ఏడాదికి వెయ్యి మందినే పంపిస్తారు, మనిషికి 3,000 డాలర్ల దాకా అవుతుంది. నేను దాని ఫొటో ఉన్న టీ షర్టు కొనుక్కున్నాను.

ఒక్క హెచ్చరిక: కనపడిన బిలంలోకల్లా దూరకండి, దారి వదిలి అడవిలోకి వెళ్ళకండి. యుద్ధంలో ఆ రాష్ట్రం మీద పడిన బాంబుల్లో పేలనివి ఇప్పటికీ మట్టిలో ఉన్నాయి. రాష్ట్రం అంటే గుర్తొచ్చింది, ఫొంగ్ న్యా ఉన్న క్వాంగ్ బిన్ రాష్ట్రాన్ని 2025 జూలైలో క్వాంగ్ ట్రీలో కలిపేశారు. బుకింగ్‌లో రెండు పేర్లూ కనిపిస్తే కంగారు పడకండి.

ఎర్రబస్సు
అమ్మా గీతా, నేను రిటైరయ్యాక వెళ్ళాను, ఉత్తరాన కావ్ బాంగ్ వైపు. మా నాన్నగారు పాతకాలపు కమ్యూనిస్టు. 1941లో హో చి మిన్ తలదాచుకున్న పాక్ బో గుహ చూడాలని ఆయనకి ఉండేది, ఆయన బదులు నేను చూశాను. ఇంత చిన్న గుహ, లోపల పడుకోవడానికి చెక్క బల్ల. బయట పారే ఏటికి ఆయన లెనిన్ పేరు పెట్టాడు, కొండకి మార్క్స్ పేరు. అక్కడికి దగ్గర్లో అనలేను గానీ, అదే రాష్ట్రంలో బాన్ జోక్ జలపాతం పక్కన న్గూమ్ న్గావ్ అని రెండు కిలోమీటర్ల గుహ ఉంది. జనం తక్కువ. లోకల్ బస్సు కండక్టరు నా చేతిలో టికెట్ పెట్టకుండా డబ్బులు తీసుకున్నాడు. ముప్పై ఏళ్ళు ఆర్టీసీలో చేసినవాణ్ణి, ప్రాణం ఒప్పుకోలేదు!

గుంటూరు_గీత
ఆలస్యానికి క్షమించాలి. మీ మాట విని మార్చిలో వెళ్ళొచ్చాను.

మూటాముల్లె అక్కా, నువ్వు చెప్పినవన్నీ చేశాను, ఒక్కటి తప్ప. నాలుగున్నరకి కాలు తట్టి లేపగానే నిద్రమత్తులో బ్యాగు భుజాన వేసుకుని, తలుపు దగ్గర బుట్టలో చెప్పులు తొడుక్కుని దిగేశాను. బస్సు వెళ్ళిపోయాక కిందికి చూసుకుంటే ఒక కాలికి నీలం, ఒక కాలికి ఆకుపచ్చ. రెండూ ఎడమకాలివే. నా బూట్లు కవరుతో సహా హుయేకి ప్రయాణమయ్యాయి.

హోమ్‌స్టే ఆవిడ ముందు పొట్ట పట్టుకుని నవ్వింది, తర్వాత బస్సువాళ్ళకి ఫోన్ చేసింది. ఆ రోజంతా వాళ్ళబ్బాయి చెప్పులతోనే ఫొంగ్ న్యా గుహ చూశాను. పడవకి ఇంతని కిరాయి, పన్నెండు మంది దాకా పంచుకోవచ్చు. నేను టికెట్ల దగ్గర నిలబడి ఒక వియత్నాం కుటుంబంలో కలిసిపోయాను, వాళ్ళ బామ్మ నా చేతిలో మొక్కజొన్న పొత్తు పెట్టింది. గుహ నోటి దగ్గర ఇంజను ఆపేసి తెడ్లు తీశారు. మా పడవ నడిపింది ఇద్దరు ఆడవాళ్ళు. ఆ తర్వాత వినిపించిందల్లా తెడ్డు నీళ్ళలో పడే చప్పుడు, పైనుంచి చుక్క పడే చప్పుడు. బామ్మ కూడా మాట్లాడలేదు.

బూట్లు మర్నాటి తిరుగు బస్సులో వచ్చాయి. డ్రైవరు కిటికీలోంచి కవరు అందించి, చెయ్యి చాపి, తన చెప్పులు తను అడిగి తీసుకున్నాడు.