మా మొదటి కారు మారుతి 800 నమూనా: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (గాజువాక నుంచి)

అందరికీ నమస్కారం. 2001లో మా నాన్నగారూ నేనూ కలిసి కొన్న తెల్ల మారుతి 800 మా ఇంటికి వచ్చిన మొదటి కారు. పదమూడేళ్లు మమ్మల్ని మోసిన ఆ బండి మీద 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను నాడు, మా వీధి చివరి నిద్రగన్నేరు చెట్టు కూలింది. టాపు కుంగి, తలుపుల మధ్య పిల్లర్లు వంగిపోయాయి. బాగు చేయించినా మునుపటిలా ఉండదని మెకానిక్ చెప్పడంతో తుక్కుకు ఇచ్చేశాము. ఇప్పుడు నా దగ్గర మిగిలినవి ఒక తాళంచెవి, ఒక వీల్ క్యాప్, పదకొండు ఫోటోలు.

నాన్నగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. వచ్చే సంక్రాంతికి ఆ కారు నమూనాను నా చేతులతో చేసి ఆయనకు ఇవ్వాలని ఉంది. ఇంతకుముందు నేను చేసినవల్లా పిల్లల స్కూలు కోసం అట్టముక్కల ఇళ్లే. ఏ పరిమాణంలో చేయాలి, దేనితో చేయాలి, బండే లేనప్పుడు కొలతలు ఎలా రాబట్టాలి అన్నవి నా సందేహాలు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు 1 (సీతమ్మధార నుంచి)

నమస్కారమండీ. కొలతల గురించి దిగులు పడకండి. మీ తరం 800 పొడవు 3335 మి.మీ., వెడల్పు 1440, ఎత్తు 1405, వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్యబిందువుల దూరం, 2175 మి.మీ. వీటిని 18తో భాగిస్తే నమూనా పొడవు 185, వెడల్పు 80, ఎత్తు 78, వీల్‌బేస్ 121 మి.మీ. వస్తాయి. చాలామంది 1:24లో, అంటే అసలు కారులో 24వ వంతుగా, చేస్తారు, కానీ మొదటిసారి చేసేవారికి నేను 1:18నే సూచిస్తాను. చెయ్యి ఒక మిల్లీమీటరు తప్పితే చిన్న నమూనాలో అది అసలు కారు మీద 24 మి.మీ. తప్పుతో సమానం. అంత తేడా కిటికీ అంచుల దగ్గర వస్తే ముఖం మారినట్టు వెంటనే తెలిసిపోతుంది.

ఫోటోల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. దగ్గరగా నిలబడి తీసిన ఫోటోలో దగ్గరి భాగం పెద్దదిగా, దూరపు భాగం చిన్నదిగా పడుతుంది కాబట్టి, రోడ్డుకు అవతలి నుంచి నేరుగా పక్కభాగం కనిపించేలా తీసినది ఉంటే దానినే ఆధారంగా పెట్టుకోండి. అందులో రెండు చక్రాల మధ్య దూరాన్ని కొలిచి, 121ని ఆ సంఖ్యతో భాగిస్తే మీ గుణకం వస్తుంది. తలుపుల పొడవు, కిటికీల అడుగు గీత దానితో సరిగ్గా తేలుతాయి. పైకప్పు మాత్రం లోపలికి వాలి కెమెరాకు మరికాస్త దూరంగా ఉంటుంది కనుక ఆ లెక్కలో కొంచెం తగ్గి వస్తుంది. దానికోసం ఏదైనా డ్రైవింగ్ స్కూలులో ఇంకా తిరుగుతున్న 800 కనిపిస్తే, అడిగి టేపుతో కొలుచుకోండి. 1990ల చివరలో ఈ కారు ముందుభాగం రూపం మారింది, అందువల్ల కొలిచే బండి హెడ్‌లైట్లను మీ ఫోటోతో పోల్చి చూసుకోవడం మరవవద్దు.

జవాబు 2 (అనకాపల్లి నుంచి)

సైన్ బోర్డులు చేసే దుకాణాల్లో 3 మి.మీ. మందం సన్‌బోర్డు (తేలికైన ప్లాస్టిక్ నురుగు పలక) ముక్కలు దొరుకుతాయి. కిటికీల అడుగు గీత వరకు ఉండే కింది భాగాన్ని వాటిని పొరలు పొరలుగా అంటించి దిమ్మలా చేసి, బాగా ఆరాక చెక్కుకోండి. కిటికీల భాగాన్ని మాత్రం బోలుగా, సన్నని చట్రంలా కట్టి లోపల పారదర్శక షీటు అంటించాలి. అక్కడ దిమ్మ పెట్టి అద్దాల చోట నల్లరంగు పూస్తే కారు బొమ్మే వస్తుంది కానీ మీ కారు రాదు. థర్మాకోల్ జోలికి అసలు వెళ్లవద్దు, స్ప్రే రంగులోని ద్రావకానికి అది కరిగిపోతుంది.

చక్రాలను మాత్రం ఏటికొప్పాకలో చేయించండి. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ వాడే అంకుడు కర్ర మెత్తగా, తేలికగా ఉండి సన్నని గీతలను కూడా చక్కగా నిలుపుకుంటుంది. మీ కారు టైరు 145/70 ఆర్ 12 అయితే దాని వ్యాసం సుమారు 508 మి.మీ., అంటే నమూనాలో 28 మి.మీ. వ్యాసం, 8 మి.మీ. వెడల్పు. లేత్ యంత్రం మీద తిరుగుతున్న కర్రకు లక్కముక్కను అదిమి పట్టినప్పుడు ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. గుండ్రటి వస్తువుకే ఈ పద్ధతి కుదురుతుంది కాబట్టి బాడీకి లక్క వేయించాలని ఆశపడవద్దు. నాలుగు కాక ఆరు చక్రాలు చేయించుకుంటే ఒకే కొలతలో కుదిరినవి ఏరుకోవచ్చు. లక్క మెరుస్తుంది, టైరు మెరవకూడదు, అందుకే రోడ్డును తాకే అంచును సన్నని సాండ్ పేపరుతో రుద్ది మెరుపు తీసేయండి.

జవాబు 3 (ఎంవీపీ కాలనీ నుంచి)

పై ఇద్దరు మిత్రులు చెప్పిన దానితో ఏకీభవిస్తూనే, వీటన్నిటికంటే ముందు తేల్చుకోవలసినది ఒకటి ఉందని మనవి చేస్తున్నాను. మీరు చేయబోయేది ఏ రోజు నాటి కారు? పదమూడేళ్లలో బండి రంగు, బంపర్లు, స్టిక్కర్లు అన్నీ మారుతాయి. మన ఊళ్లో చాలామందిలాగే మీరూ కొత్త కారుకు ఆశీలుమెట్ట సంపత్ వినాయగర్ గుడి దగ్గర పూజ చేయించి ఉంటే, ఆ రోజునే తీసుకోవచ్చు. చక్రాల కింద పెట్టే నిమ్మకాయ 1:18లో సుమారు 2 మి.మీ. అవుతుంది, పసుపు రంగు ఆవగింజ అందుకు సరిపోతుంది.

సీసాలోని తెలుపును ఉన్నది ఉన్నట్టు వేస్తే బొమ్మలా కనిపిస్తుంది, చిటికెడు బూడిదరంగు కలపండి. మన తీరప్రాంతపు తేమ లాకర్ రంగుకు, అంటే ద్రావకం ఆవిరై త్వరగా ఆరే రంగుకు, శత్రువు. ద్రావకం ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరచినప్పుడు గాలిలోని తేమ దాని మీద చేరి, ముదురు రంగుల మీద తెల్లటి మబ్బు పడుతుంది, తెలుపు మీద మెరుపు చస్తుంది. డిసెంబరులో ఉదయపు మంచు విడిచాక, మధ్యాహ్నపు సముద్రపు గాలి లేవకముందు, పల్చటి పొరలుగా వేసుకోండి.

ప్రశ్న వేసినవారి జవాబు

ముగ్గురికీ కృతజ్ఞతలు. 1:18కే నిశ్చయించుకున్నాను, ఈ ఆదివారం ఏటికొప్పాక వెళ్తున్నాను. రోజు గురించిన ప్రశ్న నన్ను రెండు రాత్రులు వదల్లేదు. విషయం చెప్పకుండా, మన కారు అనగానే ఏం గుర్తొస్తుందని నాన్నగారిని అడిగాను. పూజ రోజు చెబుతారనుకున్నాను. ఆయన ఎడమవైపు వెనక తలుపు మీది గీత గురించి చెప్పారు. నేను రివర్స్ నేర్చుకుంటూ గేటుకు రాసిన గీత అది, దాదాపు ముప్పై సెంటీమీటర్లు ఉండేది. దాన్ని పెయింటు వేయించనివ్వలేదు ఆయన. ఇన్నాళ్లూ అది ఖర్చు గురించి అనుకున్నాను. ఆ గీత కూడా నమూనాలో ఉండాలి. బ్రష్షుతో గీయమంటారా?

జవాబు 3 నుంచి మళ్లీ

గీయవద్దండీ. అడుగున బూడిదరంగు ప్రైమరు, పైన తెలుపు వేసి, పూర్తిగా ఆరనిచ్చిన తరువాత సూదిమొనతో తెలుపును మాత్రమే లేపండి. 1:18లో అది 17 మి.మీ. వస్తుంది. ముందు ఒక సన్‌బోర్డు ముక్క మీద నాలుగైదు సార్లు సాధన చేసుకోండి, తలుపు మీద మాత్రం ఒక్కసారే గీకండి.